బోర్డు నవ్వదు

పొద్దున వరోరా వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ చేతిసంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, ఒక లవంగం నోట్లో వేసుకుంది. బయట సన్నగా వాన పడుతోంది, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. కాసేపట్లోనే ఆ ఘాటు మా సీటంతా నిండింది. నేను చదువుతున్న పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను. లవంగం వాసనకు అందరికీ వంటిల్లో, పంటినొప్పో గుర్తుకొస్తాయేమో. నాకు మాత్రం చంద్రపూర్‌లో ఒక ఇంటి ముందుగది గుర్తుకొస్తుంది. గచ్చు మీద పరిచిన ప్లాస్టిక్ చాపలు, గోడకు ఆనించిన నల్లబోర్డు, దాని పక్కన మడతకుర్చీలో, బుగ్గన లవంగం పెట్టుకుని కూర్చున్న అనసూయ బాయి. రెండు మాటలు మా ముందు పెట్టి, "చెప్పుండ్రి, ఇది దానికేమైతది?" అని ఆమె అడిగే తీరు.

మా దగ్గర మరాఠీ బడుల్లో టీచరమ్మను బాయి అంటారు. అనసూయ బాయి రాజురా అవతల, కొర్పనా వైపు ఒక పల్లెలో, ఎన్నో తరాలుగా సేద్యం చేసుకుంటున్న తెలుగు కుటుంబంలో పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. తెలుగు మాట్లాడటమే గానీ చదవటం ఆమెకు రాదు. చాలా ఏళ్ళు మరాఠీ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, ఇంటి ముందుగదిలో పోటీ పరీక్షల పిల్లలకు క్లాసు మొదలుపెట్టారు. అంకెల లెక్కలకు మేం వేరే సారు దగ్గరికి పోయేవాళ్ళం. మాటల లెక్కలకు మాత్రం బాయి దగ్గరికే. రీజనింగ్ పేపర్లో అనాలజీ ప్రశ్నలుంటాయి కదా, రెండు మాటలిచ్చి, మూడో మాట ఇచ్చి, నాలుగోది వెతకమంటారు. పక్షికి గూడు, సింహానికి ఏమిటి అన్నట్టు. వాటిని బాయి చెప్పినట్టు చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరని పేరు.

నన్ను అక్కడికి తీసుకెళ్ళింది మా నాన్న. ఆయన మంచిర్యాల వైపు నుంచి బొగ్గుగని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను గని కాలనీ క్వార్టర్లో పెరిగాను. బడిలో తెలుగు లేదు. అమ్మ నేర్పిన అక్షరాలతో, ఊరి నుంచి వచ్చిన చుట్టాలు వదిలిపోయిన పాత వారపత్రికలు చదువుకున్నాను. అప్పటి నుంచీ డైరీ తెలుగులోనే రాస్తాను. మా కాలనీలో తెలుగు డైరీకి తాళం అక్కర్లేదు. తమ్ముడు ఎదురుగా తెరిచి చూసినా వాడికి బొమ్మల్లాగే కనిపిస్తుంది. ఇంత చదివే పిల్ల క్లర్కు పరీక్షలో మాటల ప్రశ్నల దగ్గరే ఎందుకు తప్పిందో నాన్నకు అర్థం కాలేదు. నాకు తెలుసు. ఒక మాట చూడగానే నాకు పది సంబంధాలు కనిపించేవి. దీపం అనగానే నూనె, వత్తి, చీకటి, పండుగ, పురుగు, మా అమ్మమ్మ. ఏది పట్టుకోవాలో తెలియక తిరిగి వచ్చేసరికి సమయం అయిపోయేది.

బాయి పద్ధతిలో మొదటి పని, నాలుగు ఆప్షన్లనూ అరచేత్తో మూసెయ్యటం. అవి పెళ్ళికి వచ్చిన దొంగచుట్టాల్లాంటివని ఆమె హెచ్చరించేవారు, నాలుగూ మనవాళ్ళలాగే నవ్వుతాయట. ముందు ఇచ్చిన రెండు మాటలూ ఒకదానికొకటి ఏమవుతాయో ఒక్క వాక్యంలో చెప్పాలి, అదీ పైకి. మనసులో చెప్పుకుంటే చెల్లదు. మనసులో వాక్యం ఎప్పుడూ సగమే ఉంటుందని, నోట్లోంచి వస్తేనే అందులో చిల్లు ఎక్కడుందో తెలుస్తుందని ఆమె నమ్మకం. ఏ భాషలో చెప్పినా ఒప్పుకునేవారు. చాప మీద తెలుగు, మరాఠీ, హిందీ అన్నీ పక్కపక్కనే కూర్చునేవి. చెప్పిన వాక్యం సరిగ్గా ఉంటే స్టీలు డబ్బాలోంచి ఒక లవంగం బహుమానం.

ఒకసారి ఒకమ్మాయి, ఇచ్చిన రెండు మాటలూ ఎప్పుడూ పక్కపక్కనే కనిపిస్తాయి కాబట్టి వాటికి సంబంధం ఉన్నట్టే అంది. బాయి కుర్చీలో ముందుకు వంగారు.

"బస్సుల నీ పక్కకు కూసున్నోడు నీకు చుట్టమా?"

"కాదు బాయీ."

"రోజూ గదే సీట్ల కూసుంటడు. ఇంకా కాలేదా?"

అందరం నవ్వాం. ఆ తర్వాత ఎవరు తొందరపడి జవాబు చెప్పబోయినా పక్కవాళ్ళు "బస్సుల కూసున్నోడు" అని గొణిగేవారు. మాటల వరుస మారిస్తే సంబంధం మారిపోతుందని చెప్పటానికి కూడా ఆమె ఇంటి సంగతే తీసుకున్నారు. అత్తకు కోడలు ఏమవుతుందో, కోడలికి అత్త అదే అవుతుందా, ఉల్టా చేస్తే ఇల్లే తిరగబడదా అన్నారు. వంటింట్లోంచి కోడలు జ్యోతక్క గొంతు వినిపించింది. "నన్నెందుకు పరీక్షల పెడ్తున్నవ్ అత్తా? నేను ఫీజు కట్టలే." బాయి నవ్వు ఆపుకోలేక బుగ్గన ఉన్న లవంగాన్ని చేతిలోకి తీసుకున్నారు.

వాక్యం పైకి చెప్పాలి. నాకు అదే గండం. నలుగురి ముందు నిలబడితే నా గొంతులోంచి గాలి కూడా రాదు. బడిలో నా మరాఠీ విని పిల్లలు వెక్కిరించేవారు, ప్రతి మాట చివరా తెలుగు సాగదీత ఉండేదట. కాలనీలో మా ఇంటి తెలుగు విని కొత్తగా వచ్చిన వాళ్ళు నవ్వేవారు, అందులో మరాఠీ ఉండేదట. దాంతో ఏ భాషలోనూ నోరు తెరవకపోవటమే మేలని నిర్ణయించుకున్నాను. పుస్తకాలు, డైరీ చాలు. మొదటి వారం బాయి నన్ను అడగనే లేదు. రెండో వారంలో ఒక సాయంత్రం నా వంతు వచ్చింది. కలం, రాయటం, కత్తెర. ఇంత తేలిక ప్రశ్న నాకోసమే ఎంచారని తెలుస్తూనే ఉంది. లేచి నిలబడ్డాను. ఫ్యాను చప్పుడు ఒకటే వినిపిస్తోంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, ఇక రేపటి నుంచి ఇక్కడికి రాను అనుకున్నాను.

బాయి నవ్వినవాళ్ళను ఏమీ అనలేదు. నన్ను కూర్చోమనీ అనలేదు. సుద్దముక్క నా చేతిలో పెట్టారు.

"బోర్డు దిక్కు తిరుగు బిడ్డా. బోర్డు నవ్వదు. దానికి చెప్పు, మేం పక్కపొంటి ఇంటం."

తిరిగాను. ఎదురుగా నల్లటి బోర్డు, దాని మీద సగం చెరిగిన నిన్నటి అక్షరాలు. కలంతో రాస్తాం, కత్తెరతో కోస్తాం అని దానికి చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. "బోర్డు ఇన్నది. మీరిన్నరా?" అని బాయి పిల్లల వైపు తిరిగి అడిగారు. అరచేతిలో లవంగం పడింది. దాన్ని నమలకుండా ఇంటిదాకా బుగ్గనే పెట్టుకుని పోయాను. ఆ తర్వాత నా వంతు వచ్చినప్పుడల్లా ఎవరూ చెప్పకుండానే లేచి బోర్డు వైపు తిరిగేదాన్ని. కొన్నాళ్ళకు అది క్లాసులో ఒక మామూలు విషయమైపోయింది. కొందరు కూర్చుని చెబుతారు, కొందరు నిలబడి చెబుతారు, సరిత బోర్డుకు చెబుతుంది. అంతే.

ఒక సాయంత్రం మాదిరి పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. ఉరుముకు వాన, సైరన్‌కు ఏమిటి? కింద నాలుగు మాటలున్నాయి, అందులో పని ఒకటి, ప్రమాదం ఒకటి. చాప మీద ఉన్నవాళ్ళలో సగానికి పైగా గని కాలనీల పిల్లలమే. బాయి వాక్యం మొదలుపెట్టారు. ఉరిమితే వెనక వాన వస్తుంది, సైరన్ కొడితే వెనక ఏమొస్తుంది? అందరూ ఒక్కసారే "డ్యూటీ" అన్నారు. మాకు సైరన్ అంటే అదే. అది మోగితే నాన్నలు సైకిళ్ళు తీస్తారు, అమ్మలు టిఫిన్ డబ్బాలు సర్దుతారు. జవాబుల పేజీలో మాత్రం ప్రమాదం అని ఉంది. పిల్లలు ఒప్పుకోలేదు, పేపరే తప్పన్నారు. బాయి మమ్మల్ని కాసేపు వాదించుకోనిచ్చి, అందరి ముఖాలూ చూస్తూ, నా దగ్గర ఆగారు. నేను ఏదో చెప్పాలనుకుంటున్నట్టు ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. లేచి బోర్డు వైపు తిరిగాను.

ఆ రోజు బోర్డుకు ఒక్క వాక్యం కాదు, చాలా చెప్పాను. సైరన్ దాని వేళకు మోగితే డ్యూటీ. వేళ కాని వేళ మోగితే మా అమ్మ పొయ్యి ఆపేస్తుంది. పిండి అంటిన చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. పక్క క్వార్టర్లలోనూ అందరూ గుమ్మాల్లోకి వస్తారు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. గేటు వైపు నుంచి మొదటి మనిషి వచ్చి ఏమీ కాలేదని చెప్పేదాకా అలాగే ఉంటారు. అందుకని రెండు జవాబులూ నిజమే, అని చెప్పి ఆగాను. కాలనీ పిల్లలందరికీ ఆ గుమ్మం తెలుసు.

బాయి నా చేతిలో లవంగం పెట్టి, వేళ్ళు మూసి, కాసేపు అలాగే పట్టుకున్నారు. తర్వాత అందరితో నెమ్మదిగా అన్నారు. "ఒక మాటకు అందరిండ్లల్ల ఒక్కటే చుట్టరికం ఉండదు. పరీక్షల పదిమందికి తెలిసింది రాయాలె. మీ ఇంట్ల చుట్టరికం మీ ఇంట్ల ఉంటది. గదేం తప్పు కాదు." నేను ఆ మాటను ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను. అది మళ్ళీ ఎంత అవసరపడుతుందో అప్పుడు తెలియదు.

తర్వాతి పరీక్షకు ఇంకా కొంత వ్యవధి ఉండగా, ఎండలు ముదిరే రోజుల్లో, బాయి ఒక పొద్దున ఇంట్లో కూలబడిపోయారు. నాగపూర్ తీసుకెళ్ళారు. కొన్ని వారాల తర్వాత ఇంటికి తెచ్చారు. కుడిచెయ్యి సరిగా లేవటం లేదు. అంతకంటే పెద్ద దెబ్బ మాటకు తగిలింది. నోరు తిరుగుతోంది, గొంతు అదే గొంతు, కానీ ఒకటి చెప్పబోతే ఇంకొకటి వస్తోంది. మెదడులో ఒక పక్క దెబ్బ తగిలిందని డాక్టరు చెప్పాడట. ఇంట్లోవాళ్ళు భయంలో ఉన్నారు, ఆ ఒక్క ముక్కే వాళ్ళ చెవుల్లో నిలిచింది. కొడుకు సంతోషన్న గడ్‌చాందూర్‌లో సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. ఇంట్లో అన్నిటికీ జ్యోతక్క ఒక్కతే. క్లాసు మూతపడింది. వెళ్తే చూడనిస్తారో లేదోనని జంకుతూ, ఒక మధ్యాహ్నం మా అమ్మ ఇచ్చిన జొన్నరొట్టెలు సాకుగా పట్టుకుని వెళ్ళాను.

మే నెల ఎండ. మా చంద్రపూర్ ఎండ తెలిసినవాళ్ళకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. బాయి మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. నన్ను చూసి పెదవులు కదిపారు, మాట రాలేదు. ముఖం ఎర్రబడింది. తర్వాత "గొడుగు" అన్నారు. జ్యోతక్క విసిగిపోయి ఉంది. పొద్దుటి నుంచీ ఇదే గొడవని, బయట నిప్పులు కురుస్తుంటే గొడుగు వేసుకుని ఎక్కడికి పోతుందని నాతో చెప్పి, మూలనున్న గొడుగు తెచ్చి మంచం మీద పెట్టింది. బాయి ఎడమచేత్తో దాన్ని కిందికి తోసేశారు. "చూస్తున్నవా? అడుగుతది, ఇస్తే పారేస్తది. ఏం చెయ్యాలె నేను?" అని జ్యోతక్క కళ్ళు తుడుచుకుంది.

నేను కింద పడిన గొడుగు తీసి మూలన పెట్టబోతూ ఆగాను. బాయి కళ్ళు గొడుగును చూడటం లేదు. నన్ను చూస్తున్నాయి. ఎవరైనా తడబడుతుంటే కుర్చీలో ముందుకు వంగి, ఊఁ, చెప్పు, దగ్గరికొచ్చినవ్ అన్నట్టు చూసేవారే, ఆ చూపు. గొడుగు దేనికేమవుతుంది? వాన నుంచి కాపాడుతుంది. ఇప్పుడు వాన లేదు, ఎండ ఉంది. వానకు గొడుగు, మరి ఈ ఉక్కకు? కిటికీలో కూలర్ ఆగి ఉంది. జ్యోతక్కను అడిగితే, నీళ్ళయిపోయాయి, మళ్ళీ పోయలేదంది. ఇద్దరం బక్కెట్లతో నీళ్ళు మోసి పోసి, కూలర్ వేశాం. తడిసిన గడ్డి వాసనతో చల్లగాలి గదిలోకి వచ్చింది. బాయి కళ్ళు మూసుకుని పెద్దగా ఊపిరి తీశారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాట పక్కింటి తలుపు తడుతోందే తప్ప వీధి తప్పలేదు. అప్పుడే జ్యోతక్కకు గట్టిగా చెప్పి ఉండాల్సింది గానీ, కూలర్ చప్పుడులో నేను చెప్పింది నాకే వినపడలేదు.

కొన్ని రోజుల తర్వాత వెళ్ళేసరికి ఇంటి ముందు చాలా చెప్పులున్నాయి. పల్లె నుంచి బాయి అన్న రాజన్న తాత వచ్చాడు, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని మంచం పక్కన కూర్చున్నాడు. ఇంకొందరు చుట్టాలున్నారు. సంతోషన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముందుగదిలో ఉండాల్సిన నల్లబోర్డు మంచానికి ఎదురుగా, తలుపు పక్కన పెట్టి ఉంది. నేను ఆ తలుపు దగ్గరే ఆగిపోయాను. జరుగుతున్నదేమిటో అర్థం కావటానికి ఎక్కువసేపు పట్టలేదు. బాయిని ఊరికి తీసుకెళ్ళిపోవాలని మాట్లాడుకుంటున్నారు. ముందుగది ఎవరికైనా అద్దెకిస్తారట. రాజన్న తాత గొంతులో చెల్లెలి మీద ప్రేమే ఉంది.

"దిమాగ్ పోయినంక ఏం చేస్తం? గింత పేరున్న మనిషి. పిల్లలొచ్చి చూసి నవ్వుకుంట పోతరు. ఊర్లయితే లోపలింట్ల ఉంటది. ఎవలు రారు, ఎవలు నవ్వరు."

సంతోషన్న, తల్లి కొన్ని రోజులుగా "బోర్డు, బోర్డు" అని ఒకటే కలవరిస్తోందని చెప్పాడు. క్లాసు గుర్తుకొస్తోందేమోనని బోర్డు తెచ్చి ఎదురుగా పెట్టారట. చూసి ముఖం తిప్పుకుందట. దగ్గరికి జరిపితే చేత్తో కొట్టిందట. "ఇంక మా అమ్మ మనలో లేదు" అన్నాడు.

బాయి అన్నీ వింటున్నారు. కంటి కొస నుంచి నీరు చెవి మీదుగా దిండులోకి దిగుతోంది. ఎవరూ ఆ వైపు చూడటం లేదు. ఆమెకు అంతా అర్థమవుతోందని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు, ఆ గదిలో నోరు తెరవలేనిదాన్నీ నేనే. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు, నేను వాళ్ళకు ఏమీ కాను, ఒకప్పుడు చాప మీద కూర్చున్న పిల్లను. ఇప్పుడు చెప్పకపోతే బాయి లోపలింటికి పోతారు. అక్కడ ఆమె గొడుగు అంటే కూలర్ అని అర్థం చేసుకునేవాళ్ళు ఎవరుంటారు? రోజూ ఇలాగే వింటూ, రోజూ ఇలాగే కన్నీళ్ళు కారుస్తూ ఉంటారు. నా పక్కనే బోర్డు ఉంది. నేను దాని వైపు తిరిగాను.

బోర్డుకే చెప్పాను. బాయికి అంతా అర్థమవుతోందని చెప్పాను. ఆమె మనసులో మాట సరిగ్గానే ఉందని, నోట్లోకి వచ్చేసరికి దానికి చుట్టమైన ఇంకో మాట వస్తోందని, గొడుగు అడిగిన రోజు కావలసింది కూలర్ అని, కావాలంటే జ్యోతక్కను అడగమని చెప్పాను. ఒక్కో వాక్యం బాయి నేర్పినట్టే, ముక్కలు కాకుండా, చివరిదాకా. వెనక మంచం మీద నుంచి మెల్లగా, "బోర్డు" అని వినిపించింది. ఇంకోసారి, బతిమాలుతున్నట్టు, "బోర్డు."

తిరిగి చూశాను. బాయి ఎడమచెయ్యి చాపి ఉంది. బోర్డు నాకు ఒక పక్కన ఉంది. ఆ చెయ్యి బోర్డు వైపు లేదు. నా వైపు ఉంది.

ఏ జవాబుల పేజీలోనూ లేని చుట్టరికం అది. ప్రపంచంలో ఎవరిని అడిగినా సరితకు, బోర్డుకు ఏ సంబంధమూ లేదంటారు. అది ఆ ముందుగదిలో, ఆ చాపల మీద, మా మధ్యనే పుట్టింది. ఇన్ని రోజులుగా ఆమె నన్ను పిలుస్తున్నారు. పిలిచిన ప్రతిసారీ వాళ్ళు చెక్క బోర్డును తెచ్చి ముందు పెడుతున్నారు. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకున్నాను. "నేనేనా బాయీ?" అని అడిగాను. ఆమె కళ్ళు మూసి, తల ఊపి, నవ్వారు. ఆ నవ్వుకు ఒక పక్క పెదవే కదిలింది.

అప్పుడు నేను అందరి ముఖాలూ చూస్తూ చెప్పాను. బోర్డు నా వెనక ఉంది. "బోర్డంటే నేనే. బాయి నన్ను పిలుస్తుంది." జీవితంలో మొదటిసారి అంతమంది పెద్దవాళ్ళ వైపు తిరిగి నేను మాట్లాడింది ఆ రెండు వాక్యాలే. ఎవరూ నవ్వలేదు.

రాజన్న తాత గొంతు సవరించుకున్నాడు. నన్ను కాదు, తలపాగాను చూస్తూ అడిగాడు. "మరి నన్ను చూసి మొన్నటి సంది గంప, గంప అంటది. గంప నాకేమైతది?" నాకు తెలియదు. సంతోషన్నకు తెలియదు. జ్యోతక్కకూ తెలియదు. తాతే తనలో తాను వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి తలెత్తి చెల్లెలిని చూశాడు. చెల్లెలు నడవలేని పసిదానిగా ఉన్నప్పుడు, అమ్మానాన్నలు పత్తి ఏరటానికి పోతే, ఆమెను గంపలో కూర్చోబెట్టుకుని నెత్తిన పెట్టుకుని చేనుకు తీసుకెళ్ళింది తనేనట. "యాదున్నదా నీకు, అనసూయా?" అని చెల్లెలి నుదుటి మీద చెయ్యి వేశాడు. ఇంక ఊరి మాట ఎవరూ ఎత్తలేదు. సాయంత్రం సంతోషన్న బోర్డును తీసుకెళ్ళి ముందుగదిలో దాని చోట నిలబెట్టాడు.

ఆ తర్వాత నేను రోజూ వెళ్ళేదాన్ని. ఒకప్పుడు ఆమె మాకు చేసినట్టే చేశాను. వాక్యం మొదలుపెట్టి, చివరి మాట దగ్గర ఆగి, ఎదురుచూడటం. చెట్టుకు ఆకులు, పక్షికి... అని ఆగేదాన్ని. ఒక్కోసారి రెక్కలు అనేవారు. ఒక్కోసారి కొమ్మ అనేవారు, తప్పని ఆమెకే తెలిసి కోపంతో మంచం మీద కొట్టేవారు. సరిగ్గా చెప్పినప్పుడు లవంగం ఇవ్వబోతే, డబ్బా తన చేతిలోకి లాక్కుని ముందు నాకొకటి ఇచ్చి, తర్వాత తను తీసుకునేవారు. కొన్నాళ్ళకు పాత పిల్లలు ఒక్కొక్కరే రావటం మొదలుపెట్టారు. జ్యోతక్క కూడా ఆటలో దిగింది. "ఇయ్యాల మా అత్త నన్ను కుంపటి అన్నది. నయం, చీపురు అనలే" అని ఎదురొచ్చి చెప్పేది. కుంపటి ఎందుకైందో ఇద్దరూ కూర్చుని తేల్చుకునేవారు.

ఆ ఏడాది నేను పరీక్ష పాసయ్యాను. మాటల ప్రశ్నలన్నీ, ఆప్షన్ల మీద అరచెయ్యి పెట్టి, పెదవులు కదుపుతూ చేశాను. హాల్లో తిరుగుతున్న సారు ఒకసారి ఆగి, నేను పక్కవాళ్ళకు చెబుతున్నానేమోనని అనుమానంగా చూశాడు. ఉద్యోగం వరోరాలో ఒక ప్రభుత్వ ఆఫీసులో, అర్జీలు తీసుకునే కిటికీ దగ్గర. రోజంతా కొత్త మనుషులతో మాట్లాడే పని. ఆర్డరు చూసి నాన్న భయపడ్డాడు. బాయి మాత్రం చాలాసేపు నవ్వారు.

బాయికి మాటలు చాలావరకు తిరిగి వచ్చాయి. అన్నీ కాదు, కానీ ఇల్లు నడిపేటన్ని, కోడలితో పోట్లాడేటన్ని వచ్చాయి. ఒకసారి డాక్టరు దగ్గరికి నేను కూడా తోడు వెళ్ళాను. ఆయన పరీక్షగా నన్ను చూపించి ఎవరని అడిగాడు. బాయి తడబడకుండా "సరిత" అన్నారు, నాన్న పేరు, మా కాలనీ పేరు కూడా చెప్పారు. డాక్టరు సంతోషించాడు. బయటికి రాగానే బాయి ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "బోర్డూ, ఆటో పిలువు" అన్నారు. అప్పుడు అర్థమైంది, నా పేరు ఆమెకు ఎప్పుడో తిరిగి వచ్చిందని. అయినా చివరిదాకా నన్ను ఆ పేరుతో పిలవలేదు. పోయిన చలికాలం ఆమె వెళ్ళిపోయారు. ఇప్పుడు నన్ను బోర్డు అని పిలిచేవాళ్ళు లేరు. నేను ఎవరికీ చెప్పలేదు కూడా, చెప్పినా అది వాళ్ళకు ఏమీ కాదు.

నిన్న మా కిటికీ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి వాన కాగితం కావాలన్నాడు. పక్క సీటు అతను నవ్వి, వాన పైనుంచి వస్తుంది, మా దగ్గర ఉండదన్నాడు. పెద్దాయన వెనక్కి తిరిగిపోబోయాడు. నేను ఆగమన్నాను. వాన ఏం చేసిందని అడిగాను. పొలంలో నీళ్ళు నిలిచి సోయాబీన్ అంతా కుళ్ళిపోయిందన్నాడు. అంతే, పంటనష్టం అర్జీ తీసి నింపటానికి కూర్చున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఎవరి నోట్లోంచైనా అతకని మాట వస్తే, నవ్వే ముందు, అది వాళ్ళింట్లో దేనికి చుట్టమో అని ఒక్క నిమిషం ఆగటం నాకు అలవాటైంది. ఇప్పటికీ కష్టమైన మాట చెప్పాల్సి వస్తే ముందు గోడ మీది క్యాలెండరు వైపు ఒకసారి తిరుగుతాను. దానికి చెప్పుకుని, తర్వాత మనుషుల వైపు తిరుగుతాను.

బస్సు వరోరా స్టాండులోకి మలుపు తిరిగింది. పక్కన కూర్చున్న ఆవిడ దిగబోతూ, నేను అంతసేపూ తన డబ్బాకేసి చూస్తుండటం గమనించిందేమో, మూత తీసి నా వైపు చాపింది. ఒకటి తీసుకుని బుగ్గన పెట్టుకున్నాను. లవంగం వాక్యం చెప్పినవాళ్ళకే ఇస్తారని ఆవిడకు తెలియదు. నేనింకా ఏమీ చెప్పలేదు. ఇవాళ ఎవరికో ఒకరికి, వాళ్ళ ముఖం చూస్తూ, ఒక మంచి వాక్యం పూర్తిగా చెప్పాలి అనుకుంటూ వానలోకి దిగాను.